పిండికట్టు కింద కనబడని చెయ్యి

విరిగిన ఎముకలకు పిండికట్లు వేసే ప్లాస్టర్ రూములో నేను మొదట చూసిన రోగికి కట్టు లేదు. తొమ్మిదేళ్ల అబ్బాయి. బల్ల అంచున కూర్చుని కుడి ముంజేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. మణికట్టు లోపలికి వంగిపోయింది, వేళ్లు కొంకర్లు తిరిగి ఉన్నాయి. మూడు నెలల క్రితం జామచెట్టు మీద నుంచి పడితే మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. ఊళ్లో ఎవరో పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టారు. రెండు రాత్రులు వాడు ఏడుస్తూనే ఉన్నాడట. విరిగిన చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటుందా అని ఇంట్లో అందరూ సర్దిచెప్పారు. మూడో రోజుకు ఏడుపు ఆగింది. హమ్మయ్య, తగ్గిందనుకున్నారు.

నొప్పిని తెలిపే నరాలూ, వేళ్లను కదిపే కండరాలూ రక్తం అందక అప్పటికే చచ్చుబడ్డాయి. దీన్ని వోల్క్‌మన్ కాంట్రాక్చర్ అంటారని పీజీ డాక్టరు మాకు చెప్పారు. నాకు ఆ పేరు కన్నా తల్లి అన్న మాట గుర్తుండిపోయింది. "మూడో రోజు హాయిగా నిద్రపోయాడమ్మా" అంది ఆమె.

నాటు కట్టును తక్కువచేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మా తాతయ్య కాలు విరిగినప్పుడు ఇంట్లోవాళ్లు ఆయన్ను రైలెక్కించి పుత్తూరు తీసుకువెళ్లారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. తాతయ్య మళ్లీ నడిచారు, పొలం పనులూ చేసుకున్నారు. రోజు కూలి పోగొట్టుకుని పట్నం ఆసుపత్రిలో వారం పాటు పడి ఉండలేని మనిషి తనకు నమ్మకమైన చేతిని వెతుక్కోవడం తప్పెలా అవుతుంది? కట్టు పసరుదైనా పిండిదైనా బిగుసుకుంటే చేసే హాని మాత్రం ఒకటే. మా గదిలో వేసిన కట్టు కూడా అందుకు మినహాయింపు కాదని తర్వాత తెలిసింది. నేను నా చేతులతో వేసిన కట్టు అది. ఆ సంగతికి వస్తాను.

ఇంటర్ బైపీసీ చదివాను. ఎంబీబీఎస్ సీటు రాలేదు. రెండేళ్ల పారామెడికల్ డిప్లొమాలో చేరాను. శిక్షణలో భాగంగా ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో ఒక్కో విభాగంలో కొన్ని వారాలు పనిచేయించారు. మా బ్యాచ్‌లో అందరూ ల్యాబు కావాలన్నారు, ఎక్స్‌రే కావాలన్నారు, డయాలసిస్ కావాలన్నారు. ప్లాస్టర్ రూమును ఎవరూ కోరలేదు. దుమ్ము, బరువు, అరుపులు, వాటికి తోడు మగవాళ్ల పని అన్న పేరు. నా వంతు అయిపోయాక మళ్లీ అక్కడికే పంపమని అడిగాను. ఆ అబ్బాయిని చూశాక ఇంకో గదిలో నాకు మనసు నిలవలేదు.

ఈ దారిలోకి రావాలనుకునేవాళ్లకు చదువు గురించి ఒక మాట. డబ్బు కట్టే ముందు ఆ కోర్సుకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందో లేదో స్వయంగా చూసుకోండి. చదువు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ వస్తుందో రాదో అడగండి. మా పిన్ని కూతురు ఒక సంస్థలో 40,000 రూపాయలు కట్టి ఏడాది చదివింది. చివరికి చేతికొచ్చిన కాగితం ఏ ఉద్యోగానికీ పనికిరాలేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు జాతీయ కమిషన్ చట్టం చేసింది కాబట్టి రిజిస్ట్రేషన్ విలువ ఇకముందు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇంకొకటి. కృత్రిమ కాళ్లు, బలహీనమైన కాళ్లకు ఆసరాగా తొడిగే క్యాలిపర్లు తయారుచేసే పని మా పనికి చుట్టమే గానీ దాని చదువు వేరు, దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. రెండూ ఒకటే అనుకుని తమకు అక్కరలేని కోర్సులో చేరిన పిల్లలను చూశాను. అడిగి తెలుసుకుంటే ఆ రెండేళ్లు మిగిలేవి కదా అని బాధ కలుగుతుంది.

మా గదికి పెద్దదిక్కు ఒక సీనియర్ టెక్నీషియన్. ముప్పై ఏళ్లుగా కట్లు వేస్తున్నారు. అందరూ మాస్టారు అనేవాళ్లు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్లాస్టర్ చుట్టలు ఇప్పటిలా తయారుగా వచ్చేవి కావట. గాజుగుడ్డ పరిచి, పొడిని అరచేత్తో రుద్ది, చుట్టలు చుట్టి రేకు డబ్బాల్లో దాచేవారట. వానాకాలంలో తేమ తగిలి కొన్ని డబ్బాలోనే రాళ్లయిపోయేవని చెప్పేవారు.

మొదటి రోజు ఆయన నాకు పని చెప్పలేదు. "కూర్చో అమ్మాయి" అని నా కుడి చేతికి మోచేతి పై నుంచి వేళ్ల మొదళ్ల దాకా పిండికట్టు వేశారు. "రేపు పొద్దున కోస్తాను. ఇంటికి వెళ్లు" అన్నారు.

కట్టు వేసిన కొద్ది నిమిషాలకే చెయ్యి వెచ్చబడటం మొదలైంది. జిప్సమ్ రాయిని కాలిస్తే అందులోని నీరు చాలావరకు పోయి ఈ ప్లాస్టర్ పొడి అవుతుందనీ, మళ్లీ నీళ్లు తగిలితే పోయిన నీటిని తాగి రాయిగా మారుతూ వేడి విడుస్తుందనీ పుస్తకంలో చదివాను. చదివింది చర్మానికి తెలిసింది ఆ రోజే. వేడినీళ్లలో ముంచిన ప్లాస్టర్ త్వరగా బిగుస్తుంది, చర్మాన్ని కాల్చనూ కాల్చవచ్చు. అందుకే మా బకెట్లో ఎప్పుడూ మామూలు నీళ్లే ఉంటాయి.

ఇంటికి బస్సులో నిలబడే వెళ్లాను. కమ్మీ పట్టుకోవడానికి ఎడమ చెయ్యి, టికెట్టు డబ్బులు తియ్యడానికీ ఎడమ చెయ్యే. రాత్రి అమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టింది, జడ అల్లింది. పడుకున్నాక దురద మొదలైంది. ఆ తర్వాత మణికట్టు పక్కన ఒకచోట ఏదో నొక్కుతున్నట్టు అనిపించింది. కట్టును తట్టాను, ఊపాను, గోడకు ఆనించి చూశాను. నా చెయ్యే, కానీ అక్కడ ఏం జరుగుతోందో నాకు కనబడటం లేదు. తెల్లవారుజాము దాకా నిద్ర పట్టలేదు.

పొద్దున కట్టు కోసి చూస్తే, నొక్కుతున్నట్టు అనిపించిన చోట బొటనవేలంత ఎర్రటి గుంట ఉంది. "అది నేను కావాలనే వేలితో నొక్కాను. ఒక్క రాత్రికే ఇలా ఉంది. ఆరు వారాలైతే అక్కడ పుండు పడుతుంది. ఇక ఈ జన్మలో తడి ప్లాస్టర్‌ను వేలికొసలతో పట్టుకోవు" అన్నారు మాస్టారు. నిజంగానే పట్టుకోలేదు. అరచేతుల మీదే మోస్తాను, అరచేతులతోనే మలుస్తాను.

ఆ తర్వాత నెల రోజులు అభ్యాసమే. చుట్టను నీళ్లలో నిలువుగా ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి. రెండు కొసలూ పట్టుకుని మధ్యకు మెల్లగా నొక్కాలి. తడిబట్టను పిండినట్టు మెలిపెడితే పిండంతా బకెట్లోకి పోయి చేతిలో గుడ్డ మిగులుతుంది. నా మొదటి పది చుట్టల గతి అదే అయింది. చుట్టూ కాకుండా ఒక పక్కనే పెట్టి గుడ్డ చుట్టే పట్టీ అయితే చేతికి 8 నుంచి 10 పొరలు, కాలికి 12 నుంచి 16 పొరలు. విరిగిన చోటుకు పైన ఒక కీలు, కింద ఒక కీలు కదలకుండా పట్టాలి. కానీ ముంజేతి కట్టు అరచేతి గీత దగ్గరే ఆగాలి, వేళ్లు పూర్తిగా ముడుచుకునే వీలుండాలి. చీలమండ, మడమ, మోకాలి పక్క ఎముక, ఇలా చర్మం కిందే ఎముక తగిలే చోట్ల దూది మందంగా ఉండాలి. అంతటా మందంగా వేస్తే వాపు తగ్గాక కట్టు వదులై లోపల ఎముక జారుతుంది. దూది ఎక్కడ ఎంత వేయాలన్నది ఏ పుస్తకమూ గ్రాముల్లో చెప్పదు. అది చేతికి పట్టుబడాల్సిందే.

నాకు అన్నిటికన్నా కష్టమైంది మలచడం. అందంగా, గొట్టంలా నున్నగా ఉన్న కట్టు చూసి నేను మురిసిపోతే మాస్టారు ఎక్స్‌రే తెప్పించి చూపించేవారు. లోపల ఎముక పక్కకు ఒరిగి ఉండేది. విరిగిన ఎముక నిలవాలంటే మూడు చోట్ల ఒత్తిడి కుదరాలి, అలా మలిచిన కట్టు బయటికి కాస్త వంకరగానే కనిపిస్తుంది. ప్లాస్టర్ బిగుసుకునే ఆ మూడు నాలుగు నిమిషాలూ ఊపిరి బిగబట్టి పట్టుకోవాలి. నడుము లాగుతుంది, చేతులు వణుకుతాయి. "ఆడపిల్లవి, ఇంత కాలు ఎత్తి పట్టుకోగలవా?" అని రోగుల బంధువులు అడిగేవారు. కాలును భుజబలంతో మోసేవాళ్లు రెండేళ్లలో నడుము నొప్పితో సెలవు పెడతారు. పాదం నా పొట్టకు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, ఒంటి బరువంతా వెనక్కు వేసి పట్టుకోవడం మాస్టారు నేర్పారు. మహిళా వార్డులో తొడ దాకా కట్టు వేయాల్సి వచ్చినప్పుడు నన్ను చూసి ఊపిరి పీల్చుకున్న ముఖాలు ఎన్నో. అప్పుడు నన్ను ఎవరూ అలా అడగలేదు.

ఇక ఆ రాత్రి.

సంక్రాంతి పండగ మూడు రోజులూ మా గదికి తీరిక ఉండదు. బైకుల మీద నుంచి పడినవాళ్లు, గాలిపటం కోసం డాబా మీద నుంచి పడిన పిల్లలు. కనుమ నాటి సాయంత్రం ఇరవై నాలుగేళ్ల యువకుణ్ణి తీసుకొచ్చారు. కాంక్రీటు పని చేస్తాడు. మోకాలి కింద ఎముక విరిగింది, పైన గాయం లేదు. డాక్టరు సరిచేశారు, నేను వెనక పట్టీ వేసి గుడ్డ చుట్టాను. ఆ రోజు వేసిన వాటిలో అదే నాకు చక్కగా కుదిరిందనిపించింది.

ఎనిమిది గంటలకు వార్డుకు వెళ్లి చూశాను. వేళ్లు ఎర్రగా ఉన్నాయి, వెచ్చగా ఉన్నాయి. పాదం మీద నాడి కొట్టుకుంటోంది. నొప్పి భరించలేకపోతున్నాడని భార్య అంది. ఇంజెక్షన్ ఇచ్చి గంట కూడా కాలేదు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "విరిగిన కాలమ్మా, నొప్పి పుట్టదా" అన్నాను. సిస్టర్‌తో బాగానే ఉందని చెప్పి వచ్చేశాను.

పదిన్నరకు మాస్టారు వార్డు మీదుగా వెళుతూ అతని మూలుగు విన్నారు. మంచం దగ్గరకు వెళ్లి అడిగింది ఒకటే ప్రశ్న. "ఇంజెక్షన్ చేశాక తగ్గిందా బాబూ, పెరిగిందా?" పెరిగిందన్నాడు. మాస్టారు అతని కాలి బొటనవేలిని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కిందికి వంచారు. ఆ అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది.

మాస్టారు అప్పటికప్పుడు కత్తెర తీసి గుడ్డనూ, దూదినీ పై నుంచి కింద దాకా చర్మం కనిపించే వరకు కోశారు. ఒక్క పొర కూడా మిగలనివ్వలేదు. కాలును దిండ్ల మీద నుంచి దించి గుండె ఎత్తులో పెట్టించారు. నన్ను పిక్క తాకి చూడమన్నారు. కర్రలా ఉంది. కండరాల చుట్టూ ఉండే పొర సాగదు. లోపల వాపు పెరిగేకొద్దీ సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, పాదం మీద నాడి మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. అలా గంటల తరబడి ఉంటే కండరం చచ్చిపోతుంది. కట్టు విప్పినా బిగువు తగ్గకపోవడంతో డ్యూటీ డాక్టరు అతణ్ణి వెంటనే థియేటర్‌కు తీసుకువెళ్లారు. రెండు పక్కలా కోసి ఆ పొరను విడదీశారు. కండరం ఇంకా బతికే ఉంది.

"నాడి చూశావు, మంచిదే. కానీ నాడి ఆగేదాకా ఎదురుచూస్తే చేతులు దాటిపోతుంది. ముందు చెప్పేది నొప్పే. మనం విన్నామా లేదా అన్నదే" అన్నారు మాస్టారు థియేటర్ బయట. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆ కాలి ఎముక విరగడం ఒక ప్రమాదం, నేను వినకుండా వచ్చేయడం ఇంకో ప్రమాదం. జామచెట్టు మీద నుంచి పడిన అబ్బాయి ఇంట్లోవాళ్లు అన్న మాటనే అక్షరం పొల్లుపోకుండా నేనూ అన్నాను. వాళ్లకు తెలియక అన్నారు. నేను చదువుకుని అన్నాను.

అతను నెలన్నర తర్వాత కర్రల సాయంతో నడుచుకుంటూ మా గదికి వచ్చాడు. కాలి పక్కన చర్మం అతికించిన మచ్చ ఉంది. నేను క్షమించమని అడిగితే, ఎందుకో అతనికి అర్థం కాలేదు.

అప్పటి దాకా మా రోగులకు ఇచ్చే జాగ్రత్తలు ఓపీ చీటీ మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఒక పేజీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి విభాగాధిపతికి చూపించాను. ఆయన దిద్ది, అచ్చు వేయించారు. మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూ ఉంటే, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నీలంగా మారినా, ఎవరైనా వేళ్లను మెల్లగా చాపితే ప్రాణం పోయినట్టు అనిపించినా తెల్లారేదాకా ఆగవద్దు, అర్ధరాత్రయినా రండి అని మొదటి నాలుగు వరుసలు. కింద మా గది ఫోను నంబరు. తడపవద్దు, దురద పుడితే లోపలికి ఏమీ దూర్చవద్దు అన్నవి ఆ తర్వాత. కట్లు కోసినప్పుడు చీపురు పుల్లలు, పెన్ను మూతలు, రూపాయి బిళ్లలు, ఒకసారి చెవి పోగు కూడా దొరికాయి. వాటి కింద పుండ్లు. చదవడం రానివాళ్లకు ఆ పేజీని నేనే చదివి వినిపించి, తిరిగి నాకు చెప్పించుకుంటాను. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు పడుతుంది. బయట వరుస పెరుగుతుంది, కసురుకుంటారు. అయినా ఆ అయిదు నిమిషాలను నేను వదులుకోను.

గురువారాల గురించి చెప్పకపోతే ఈ ఉద్యోగం సగమే చెప్పినట్టు. ఆ రోజు వంకర పాదాలతో పుట్టిన పసిపిల్లలు వస్తారు. అమెరికాలోని అయోవాలో పోన్సెటి అనే వైద్యుడు 1940ల చివర్లో తీర్చిదిద్దిన పద్ధతిలో పాదాన్ని వారానికి కొంచెం చొప్పున తిప్పుతూ తొడ దాకా కట్టు వేస్తారు. డాక్టరు పాదం పట్టుకుంటారు, నేను చుడతాను. తల్లి ఆ సమయంలోనే పాలిస్తుంది, బిడ్డ ఏడవకపోతే కాలు మెత్తగా ఉంటుంది. అయిదు నుంచి ఏడు కట్లకు చాలా పాదాలు దారికొస్తాయి. తర్వాత మడమ వెనక తాడులా ఉండే స్నాయువుకు చిన్న కోత, ఇంకొక మూడు వారాల కట్టు, ఆపైన కడ్డీకి బిగించిన బూట్లు. మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లు. బూట్లు మానేసిన పిల్లల్లో వంకర మళ్లీ వస్తుంది, అందుకే మొదటి రోజే తల్లితో పాటు అత్తగారినీ కూర్చోబెట్టి చెబుతాం. గ్రహణం నాడు కోడలు కదిలిందని, కత్తిపీట ముట్టిందని నింద మోస్తూ వచ్చే తల్లులు ఎందరో. నింద తప్పని అందరి ఎదుటా డాక్టరు చేత చెప్పించడం కూడా మా చికిత్సలో భాగమే అనుకుంటాను. మొదటి కట్టుకు తల వంచుకుని వచ్చిన తల్లి అయిదో కట్టుకు పాదాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపిస్తుంది.

కట్టు కోసే మిషను చూసి పిల్లలు హడలిపోతారు. దాని రంపం గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ అదురుతుంది. గట్టి ప్లాస్టర్‌ను కోస్తుంది, మెత్తని చర్మం దానితో పాటు కదులుతుంది. నా అరచేతికి ఆనించి చూపించాకే వాళ్ల కట్టు మీద పెడతాను. అయితే ఒకేచోట ఆపి నొక్కినా, లాగినా చర్మం కాలుతుంది, తెగుతుంది. మధ్యమధ్య రంపాన్ని ముట్టుకుని వేడెక్కిందేమో చూసుకోవాలి.

జీతం విషయం దాచను. మొదట ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో 12,000కు చేరాను. ఇప్పుడు కాంట్రాక్టు పద్ధతిలో ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాను. ఏడాదికోసారి పొడిగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి. చేతుల చర్మం పొడిబారి పగులుతుంది, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటాను. ఇంత బాధ్యత మోసే పనికి ఇది చాలా తక్కువని నా నమ్మకం, అడిగే అవకాశం వచ్చిన ప్రతిచోటా అడుగుతున్నాను. మాస్టారు పోయిన ఏడాది రిటైరయ్యారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల చేతికి ఇప్పుడు మొదటి రోజు పిండికట్టు వేసేది నేనే.

మొన్న ఒక రాత్రి గది ఫోను మోగింది. మధ్యాహ్నం ముంజేతికి పట్టీ వేయించుకువెళ్లిన ఆరేళ్ల పిల్ల తల్లి.

"కాగితంలో రాసినట్టే చూస్తున్నామమ్మా. మందు పోసి రెండు గంటలైంది, ఇంకా ఎక్కువగా ఏడుస్తోంది."

"వేళ్లను మెల్లగా నిటారుగా చాపి చూడండి."

ఫోనులోనే వినిపించింది ఆ పిల్ల కేక.

"ఎంత దూరంలో ఉన్నారు?"

"ఆటోలో అరగంట."

"చెయ్యి కదపకుండా పై గుడ్డ విప్పి వదులు చేయండి. ఇప్పుడే బయలుదేరండి. నేను క్యాజువాలిటీ మెట్ల దగ్గరే ఉంటాను."

డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి చెప్పి, కత్తెర తీసుకుని కిందికి దిగాను.